నవంబర్ ఇగంలో గుట్ట ఎక్కుతున్నారా? వాతావరణం ఇలా చూసుకోండి

దీపావళి పటాకుల వాసన పోకముందే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఆదివారం పాండవుల గుట్టలకు పోతున్నం, చలి ఎట్లుంటది?" "స్వెటర్ కావాల్నా, వద్దా?" "పొగమంచుల ఎక్కొచ్చా?" "తుపాను అంటున్నరు, మనదాకా వస్తదా?" ఏటా ఇవే ప్రశ్నలు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాసిపెడితే నయమనిపించింది. అక్టోబర్ చివరి నుంచి డిసెంబర్ దాకా వరంగల్, హనుమకొండ, భూపాలపల్లి, ములుగు, పెద్దపల్లి, ఆదిలాబాద్ వైపు గుట్టలెక్కేవాళ్ళకు ఇది పనికొస్తుంది.

ముందే ఒక మాట. మనవి హిమాలయాలు కావు. వరంగల్ ఊరే సముద్ర మట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తులో ఉంది. మనం ఎక్కే గుట్టలు చాలావరకు అక్కడి నుంచి ఇంకో వంద, రెండు వందల మీటర్లు లేస్తాయి, అంతే. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క. ఆ ప్రకారం రెండు వందల మీటర్లకు తగ్గేది ఒకటిన్నర డిగ్రీ కూడా కాదు. అంటే మనల్ని ఇబ్బంది పెట్టేది ఎత్తు కాదు. ఒక్క పూటలోనే నాలుగు వాతావరణాలు మారిపోవడం. తెల్లవారుజామున ఇగం (వణికించే చలి), ఎనిమిదింటికి తడి బండ, పదకొండింటికి మాడు పగలగొట్టే ఎండ, అయిదున్నరకే చీకటి. ఈ నాలుగింటితో మన టైం కుదుర్చుకుంటే చాలు, మిగతాదంతా సులువు. వీటికి తోడు పిలవని చుట్టం ఒకటుంది, బంగాళాఖాతం వాన. దాని సంగతే మొదట చూద్దాం.

కావలసినవి

- ఫోన్‌లో భారత వాతావరణ శాఖ వాళ్ళ మౌసమ్ యాప్, పిడుగుల కోసం దామిని యాప్. రెండూ ఉచితమే.
- మందుల దుకాణంలోనో స్టేషనరీ షాపులోనో దొరికే మామూలు గది థర్మామీటర్. లేకపోయినా పని ఆగదు, ఉంటే మాత్రం మీ లెక్కలు మీకే వస్తాయి.
- పాలియెస్టర్ టీషర్టు, దాని మీదకు పల్చటి స్వెటర్, అన్నిటికంటే పైన గాలి ఆపే జాకెట్. జాకెట్ లేకపోతే మామూలు రెయిన్ కోటు కూడా గాలి ఆపుతుంది.
- ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పొడి బనియన్ ఒకటి, పొడి సాక్సులు ఒక జత.
- మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, బెల్లం పల్లీ చిక్కీ.
- టార్చిలైటు. ఫోన్ లైటును లెక్కలోకి తీసుకోవద్దు.
- టోపీ. మంకీ క్యాప్ కాదు, ఎండ టోపీ. రెండూ పెట్టుకుంటే ఇంకా మంచిది.
- చిన్న నోట్‌బుక్కు, పెన్ను. ఎందుకో చివర చెప్తాను.

ఇంట్లో గొంగడి ఉంటే బండిలో వేసుకోండి. నవ్వకండి. గొర్రె ఉన్ని కొంచెం తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు, నూలు దుప్పటి తడిస్తే ఉన్న వెచ్చదనాన్ని కూడా లాగేస్తుంది. మన గొల్లకురుమలు వానలో, ఇగంలో గొంగడి విడవకపోవడానికి కారణం అలవాటు ఒక్కటే కాదు.

1. మూడు రోజుల ముందు: బంగాళాఖాతం వైపు చూడండి

మన దగ్గర నైరుతి రుతుపవనాలు మామూలుగా అక్టోబర్ మధ్యకల్లా వెళ్ళిపోతాయి. వాన అయిపోయిందనుకుంటాం. కానీ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో తుపానులు పుట్టే కాలం. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను అని వరసగా బలపడుతుంది. వార్తల్లో "అల్పపీడనం" అనే మాట వినబడ్డ రోజే మీ ప్రోగ్రాం పక్కన ప్రశ్నార్థకం పెట్టుకోండి.

ఎక్కువమంది చేసే తప్పు ఇక్కడే ఉంది. "తీరం దాటింది, బలహీనపడింది, ఇంక పర్లేదు" అనుకుంటారు. బలహీనపడేది గాలి. వాన కాదు. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను కాకినాడకు దక్షిణాన నరసాపురం దగ్గర తీరం దాటింది. అక్కడి నుంచి మనకు దాదాపు మూడు వందల కిలోమీటర్లు. తీరం దాటాక అది బలహీనపడుతూనే లోపలికి వచ్చింది. మరుసటి రోజు వరంగల్, హనుమకొండల్లో కాలనీలు నీట మునిగాయి. కాబట్టి తీరం దాటిన తర్వాత ఇంకో రెండు రోజులు లెక్కలో వేసుకోండి.

వాతావరణ శాఖ జిల్లాలకు రంగులిస్తుంది. ఆకుపచ్చ అయితే వెళ్ళండి. పసుపు అయితే వాగు దాటాల్సిన పని లేని, ఊరికి దగ్గరి గుట్ట మాత్రమే. నారింజ, ఎరుపు ఉంటే ఇంట్లోనే మిరపకాయ బజ్జీలు వేసుకోండి. ఈ విషయంలో నేను బేరాలాడను.

యాప్ చూడకుండా తెలుసుకునే గుర్తు కూడా ఒకటుంది. నవంబర్‌లో నాలుగు రోజులు బాగా ఇగం పెట్టి, ఉన్నట్టుండి ఒక రాత్రి చలి తగ్గి కొద్దిగా ఉక్కపోసినట్టుంటే సంతోషపడకండి. సముద్రం మీది తేమ మబ్బులతో వచ్చిందని అర్థం. ఆకాశం మీద మబ్బు కప్పితే రాత్రి వేడి పైకి పోదు, అందుకే చలి తగ్గుతుంది. ఆ మరుసటి ఒకటి రెండు రోజుల్లో ముసురు పట్టే అవకాశం ఎక్కువ.

2. ముందు రోజు సాయంత్రం: జిల్లా కాదు, మండలం చూడండి

ఫోన్ తెరవగానే కనిపించే డిగ్రీలు మీ ఊరివి. హనుమకొండలో ఇళ్ళు, తారు రోడ్లు రాత్రంతా వేడి వదులుతూ ఉంటాయి. గుట్ట ఉన్నచోట పొలాలు, చెరువు, అడవి. అక్కడ తెల్లవారుజామున రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉండడం మామూలే. తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ వాళ్ళ ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు మండలాల్లో ఉన్నాయి, ఆ అంకెలు వాళ్ళ వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. పాండవుల గుట్టలకు వెళ్తుంటే రేగొండ, ఇనుపరాతి గుట్టలకు ధర్మసాగర్, రామగిరి ఖిల్లాకు రామగిరి మండలం చూడండి. రేపటి అంచనా ఒకటే కాదు, ఇవాళ తెల్లవారి నిజంగా ఎంత నమోదైందో చూడండి. మబ్బు లేని చలి రోజుల్లో ఇవాళ ఎంతుందో రేపూ దాదాపు అంతే ఉంటుంది.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు లెక్క వేరు. నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్ దాటారంటే చలి ఇంకో మెట్టు ఎక్కుతుంది. తిర్యాణి, సిర్పూర్ లాంటి మండలాల్లో డిసెంబర్‌లో పది డిగ్రీల లోపుకు పడిపోవడం కొత్తేమీ కాదు. కెరమెరి ఘాట్ మీదుగా జోడేఘాట్ వెళ్ళేవాళ్ళు, కుంటాల జలపాతం చూసేవాళ్ళు వరంగల్ చలిని దృష్టిలో పెట్టుకుని బయల్దేరితే బండి మీదే గడ్డ కడతారు. ఇంకొక జాగ్రత్త, వాతావరణానికి సంబంధం లేనిది: ఆ వైపు పులి తిరుగుతోందని అటవీ సిబ్బంది చెప్తే ఎదురు ప్రశ్నలు వేయకుండా వెనక్కి తిరగండి.

3. పొగమంచు పడుతుందా? మూడు చూడండి

రాత్రి పడుకునే ముందు యాప్‌లో ఈ మూడు చూసుకోండి.

ఆకాశం నిర్మలంగా ఉందా? గాలి గంటకు అయిదు కిలోమీటర్ల లోపా? తెల్లవారుజామున గాలిలో తేమ తొంభై అయిదు శాతం దాటుతుందా? మూడింటికీ అవునంటే పొగమంచు ఖాయమనుకోండి. వాన వెలిసిన మరునాడో, రెండో రోజో, చెరువు పక్కనున్న గుట్టో అయితే ఇంకా ఖాయం. నేల తడిగా ఉంటుంది, ఆకాశం తెరిపిచ్చి ఉంటుంది, గాలి కదలదు.

ఇందులో తిరకాసు ఒకటుంది. పొద్దు పొడవగానే మంచు విడిపోతుందని అందరూ అనుకుంటారు. చాలాసార్లు పొద్దు పొడిచాక అరగంట సేపు ఇంకా దట్టమవుతుంది. ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య పల్చబడుతుంది. కాబట్టి ఆరున్నరకు పర్వాలేదనిపించి ఎక్కడం మొదలుపెడితే, ఏడింటికి ముందున్న మనిషి కనిపించకపోవచ్చు.

అయితే పొగమంచు గుంతల్లో, పొలాల మీద పరుచుకుంటుంది. గుట్ట పైన తరచూ ఉండదు. చలి గాలి బరువెక్కువ కాబట్టి రాత్రిపూట కిందికి జారి అక్కడే నిలుస్తుంది. అందుకే మన దగ్గర తెల్లవారుజామున గుట్ట కింద చలి ఎక్కువ, పైన తక్కువ. నేను థర్మామీటర్ పెట్టి చూసినప్పుడల్లా కింద కంటే పైన ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువే కనిపించింది. "పైన ఇంకా చలి ఉంటదేమో" అని కిందే మూడు స్వెటర్లు వేసుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

4. పొద్దుగూకే టైం నుంచి వెనక్కి లెక్కపెట్టండి

మార్గశిరంలో మాట్లాడ పొద్దుండదని మన పెద్దవాళ్ళ మాట. నవంబర్ చివర్లో వరంగల్‌లో సుమారు 5:35కే సూర్యుడు మునుగుతాడు. ఆ తర్వాత ఇరవై నిమిషాలు మసక వెలుతురు, అంతే. గుట్టకు తూర్పు వైపు దిగేవాళ్ళకు అది కూడా ఉండదు, గుట్ట నీడ నాలుగున్నరకే మీద పడుతుంది.

లెక్క ఇలా వేయండి. సూర్యాస్తమయానికి గంట ముందు గుట్ట కింద ఉండాలి. అంటే 4:30. ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో దిగడానికీ అంతే వేసుకోండి. దిగేటప్పుడు తొందరగా అవుతుందనే మాట మట్టి దారికి సరే, పరుపు బండ మీద చెల్లదు. రెండు గంటలు ఎక్కారా, 2:30కు ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి. పైదాకా ఇంకో పావుగంటే ఉందన్నా సరే.

రామగిరి ఖిల్లా మీద ఒకసారి బురుజులు, కోట గోడలు చూస్తూ ఫోటోల్లో పడిపోయాం. గడియారం చూస్తే 4:45. మెట్లు, పొదలు, రాళ్ళు. మా నలుగురి ఫోన్లలో రెండింటి చార్జింగ్ అయిపోయింది. పగలు గంటలో దిగే దారికి రెండున్నర గంటలు పట్టింది. ఏమీ కాలేదు, ఒకరి మడమ బెణికింది. కానీ ఆ రోజు నుంచి నా సంచిలోంచి టార్చిని తీసి ఇంట్లో పెట్టలేదు.

నా సలహా: తెల్లవారే వెళ్ళండి. 6:30కు గుట్ట కింద, మంచు ఆరాక ఎక్కడం, పదిన్నర పదకొండుకల్లా దిగడం. కుదరకపోతే మధ్యాహ్నం 2 గంటలకు మొదలుపెట్టి గంటలో ఎక్కగలిగే చిన్న గుట్ట ఎంచుకోండి. పద్మాక్షి గుట్ట లాంటిది ఊళ్ళోనే ఉంది, అలవాటు కోసం అదే చాలు.

5. బట్టలు: మొదటి పావుగంట చలి వేయాలి

స్వెటర్ ప్రశ్నకు జవాబు ఇదే. కావాలి, కానీ ఎక్కేటప్పుడు వేసుకోవద్దు.

నాలుగేళ్ళ కింద డిసెంబర్‌లో ఇనుపరాతి గుట్టలకు నూలు బనియన్, దాని మీద చొక్కా, దాని మీద మందపు స్వెటర్‌తో వెళ్ళాను. సగం ఎక్కేసరికి లోపల పిండితే నీళ్ళు. పైకి చేరి స్వెటర్ విప్పాను. ఈశాన్యం గాలి ఒక్కటి తగిలింది. పది నిమిషాల్లో పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. అప్పుడు పదిహేను పదహారు డిగ్రీలు ఉంటుందేమో, అదేమంత చలి కాదు. తడి బనియన్, గాలి కలిసి చేసిన పని అది.

అక్కడే గొర్లు మేపుతున్న పెద్దాయన నన్ను చూసి, "బిడ్డా, తడి బట్ట ఇడువు ముందు, గొంగడి కప్పుకో" అని తన గొంగడి ఇచ్చాడు. "ఎక్కేటప్పుడు సలి పెట్టాలె, ఎక్కినంక కప్పుకోవాలె. మీరు ఎదురు జేస్తరు" అన్నాడు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

కాబట్టి: గుట్ట కింద నిలబడ్డప్పుడు కొద్దిగా వణుకు పుట్టేలా ఉంటే బట్టలు సరిపోయినట్టు. హాయిగా ఉందంటే ఒకటి ఎక్కువైంది, తీసి సంచిలో పెట్టండి. ఎక్కడం మొదలుపెట్టిన పావుగంటకు ఒకసారి ఆగి వీపు మీద చెయ్యి పెట్టి చూసుకోండి. జిగటగా ఉంటే పర్లేదు, తడిసిపోతే నడక తగ్గించండి. పైకి చేరగానే కూర్చోకముందే పొడి బనియన్ మార్చుకుని జాకెట్ వేసుకోవాలి. ఫోటోలు తర్వాత.

పాలియెస్టర్ టీషర్టు లేనివాళ్ళు నూలు బనియన్లే రెండు తెచ్చుకుని పైన మార్చుకుంటే సరిపోతుంది. జీన్స్ మాత్రం వద్దు. మంచుకు తడిసిన గడ్డిలో నడిస్తే మోకాళ్ళ దాకా నానుతుంది, మధ్యాహ్నం దాకా ఆరదు. పైగా ఎండిన గడ్డి ముక్కులు సాక్సుల్లో, ప్యాంటు అంచుల్లో గుచ్చుకుని ఇంటికి వచ్చాక ఒక గంట పని పెడతాయి.

6. గుట్ట కంటే దారి ప్రమాదం

ఇది చాలామంది రాయరు. నవంబర్‌లో వరి కోతలు. ఊళ్ళ రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉంటాయి. రాత్రి వాటి మీద టార్పాలిన్ కప్పి, గాలికి లేవకుండా అంచుల్లో బండరాళ్ళు పెడతారు. తెల్లవారుజామున, పొగమంచులో, బైకు మీద ఆ రాళ్ళు కనిపించవు. పత్తి బస్తాలతో మార్కెట్‌కు పోయే ట్రాలీలకు వెనక లైటు ఉంటుందన్న నమ్మకం లేదు.

మంచులో హైబీమ్ వేయకండి. వెలుతురు మంచుకు తగిలి మన కళ్ళలోకే వస్తుంది. లోబీమ్, ముప్పై నలభై వేగం. బాగా దట్టంగా ఉంటే రోడ్డు పక్కన కాదు, ఏదైనా హోటల్ ముందు ఆగి చాయ్ తాగండి. గుట్ట ఎక్కడికీ పోదు.

7. గుట్ట కింద పది నిమిషాలు

బండి దిగగానే ఎక్కేయకండి. వరసగా ఈ పనులు చేయండి.

థర్మామీటర్‌ను నీడలో, ఏదైనా కొమ్మకు తగిలించి అయిదు నిమిషాలు వదలండి. చేత్తో పట్టుకుంటే మీ చెయ్యి వేడి చూపిస్తుంది. వచ్చిన అంకె రాసుకోండి.

గుట్ట పైభాగం కనిపిస్తోందా? కనిపిస్తే మంచు కిందే ఉంది, ఆగితే పోతుంది. పైభాగం మబ్బులో మునిగి ఉంటే అది మంచు కాదు, కిందికి దిగిన మబ్బు. తొమ్మిదింటికి కూడా పోకపోవచ్చు. ఆ రోజు కింద చుట్టూ తిరిగి వచ్చేయండి.

ఊళ్ళో ఎవరైనా కనిపిస్తే అడగండి. "నిన్న ఎన్నింటికి మంచు విడిచింది? ఒర్రెల (చిన్న వాగులో) నీళ్ళున్నయా?" యాప్ చెప్పని సంగతులు ఈ రెండు ప్రశ్నలకు దొరుకుతాయి.

సిగ్నల్ ఉన్నప్పుడే ఇంట్లోవాళ్ళకు మెసేజ్ పెట్టండి: ఏ గుట్ట, ఏ వైపు నుంచి, ఎన్నింటికి దిగుతారు. తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల వైపు చాలాచోట్ల ఆ తర్వాత సిగ్నల్ దొరకదు.

8. బండ పరీక్ష

మన గుట్టల్లో ఎక్కువ ప్రమాదాలు జారి పడడం వల్లే. రాత్రి మంచు బండ మీద పల్చటి తడిగా పరుచుకుంటుంది. కంటికి కనిపించదు.

అరచేయి బండకు ఆనించి తీయండి. చెయ్యి తడిగా ఉంటే ఆగాలి. పొడిగా అనిపించినా, నేలకు జానెడు ఎత్తులో ఉన్న వాలు మీద బూటు పెట్టి బరువు మోపి చూడండి. జారిందా, అక్కడే జారింది కాబట్టి ఏమీ కాదు. జారలేదంటే ఎక్కండి. నల్లగా, పచ్చగా చారలున్నచోట అసలు పెట్టొద్దు. వానాకాలమంతా నీళ్ళు కారిన దారులవి, ఎండిన నాచు కాస్త తడికే సబ్బులా మారుతుంది.

ఏ వైపు ముందు ఆరుతుందో తెలుసుకోవడం సులువు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి తిరుగుతాడు. తూర్పు, ఆగ్నేయం వైపు బండలు ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా ఆరిపోతాయి. ఉత్తరం వైపు సందులు కొన్నిచోట్ల రోజంతా తడిగానే ఉంటాయి. ఎక్కింది ఎండ వైపు నుంచి, దిగేది నీడ వైపు నుంచి అయితే పొద్దున్న చేసిన పరీక్ష మళ్ళీ చేయాలి. ఇది మర్చిపోయి పడ్డవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే ముగ్గురున్నారు.

పాండవుల గుట్టలకు వెళ్ళేవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. అవి మన హనుమకొండ గుట్టల్లాంటి గ్రానైటు కాదు, ఇసుకరాయి. వాన నీళ్ళు పీల్చుకుంటుంది, తడిస్తే బలహీనపడుతుంది. పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది, పట్టుకున్న అంచు ఊడి చేతికి రావచ్చు. గట్టి వాన పడితే కనీసం రెండు రోజులు ఎండ కాసేదాకా అంచులు పట్టుకుని ఎక్కే పని పెట్టుకోకండి. గుహల్లో పాత బొమ్మలున్నచోట గోడలను చేత్తో ముట్టొద్దు, ఆనుకోవద్దు.

ఇంకొకటి. చలి పొద్దున పాములు ఎండ కాచుకోవడానికి బండల మీదకు వస్తాయి. చెయ్యి పెట్టే చోటు కళ్ళతో చూసి పెట్టండి.

9. పైన ఉన్నప్పుడు

గంటకోసారి నాలుగు దిక్కులూ చూడండి. ఈ కాలంలో పొడి రోజున గాలి ఈశాన్యం నుంచో తూర్పు నుంచో మెల్లగా వస్తుంది. గాలి దిక్కు మారి, ఎండ గుచ్చినట్టు ఉక్కపోసి, ఒకచోట మబ్బు గోపురంలా పైకి లేస్తుంటే దిగడం మొదలుపెట్టాలి. ఇది ఎక్కువగా అక్టోబర్ చివరి వారాల సంగతి. డిసెంబర్‌లో ఉరుములు తక్కువ.

మెరుపు కనిపించగానే లెక్కపెట్టండి. ఉరుము వినబడేదాకా ఎన్ని సెకన్లయితే దాన్ని మూడుతో భాగించండి, అన్ని కిలోమీటర్ల దూరంలో పడినట్టు. ముప్పై సెకన్ల లోపు వినబడితే పది కిలోమీటర్ల లోపే ఉంది, బోడి బండ మీద నుంచి వెంటనే దిగాలి. ఒంటరి చెట్టు కిందికి వద్దు. లోతు లేని గుహలోకి, వాలు బండ కిందికీ వద్దు, పిడుగు బండ వెంబడి పాకి లోపలున్న మనిషికి తగలొచ్చు. వాన నుంచి కాపాడే చోటు పిడుగు నుంచి కాపాడదు. చివరి ఉరుము తర్వాత అరగంట గడిచేదాకా మళ్ళీ ఎక్కకండి.

పైన ఉండగా మంచు కమ్మితే కూర్చోండి. నడిస్తేనే దారి తప్పుతారు. పొద్దెక్కితే పల్చబడుతుంది.

పదింటి నుంచి సీన్ మారిపోతుంది. పొద్దున వణికినవాళ్ళకు ఇప్పుడు నెత్తి మాడుతుంది. చలికాలం కదా అని అర లీటరు బాటిల్‌తో వచ్చేవాళ్ళు దాదాపు ప్రతి గుంపులో ఒకరుంటారు. దాహం వేయకపోయినా అరగంటకోసారి నాలుగు గుక్కలు తాగండి. తలనొప్పి, వికారం మొదలైతే ఎండ దెబ్బే అనుకుని నీడకు చేర్చి ఓఆర్ఎస్ ఇవ్వండి.

వానలో తడిసిన మనిషి మాట ముద్దగా వస్తున్నా, నడక తడబడుతున్నా, వేళ్ళతో గుండీ పెట్టుకోలేకపోతున్నా అది చలి దెబ్బ. తడి బట్టలు మార్చి, గొంగడి కప్పి, తీపి చాయ్ పట్టించండి. మద్యం తాగితే వేడి పుడుతుందనేది అబద్ధం, ఒంట్లోని వేడి ఇంకా బయటికి పోతుంది. తేరుకోకపోతే 108కి ఫోన్ చేయండి.

చలిమంట వేయొద్దు. గడ్డి ఎండిపోయి ఉంటుంది, అడవి అంటుకుంటుంది. బండ అంచుకు పెద్ద తేనెపెర ఉంటే పొగకు లేస్తుంది. పెర లేస్తే వాతావరణం గురించి ఆలోచించే తీరిక ఉండదు.

10. వాగు దాటాల్సి వస్తే

వెళ్ళేటప్పుడు మోకాలి లోతు దాటిన నీళ్ళు వచ్చేటప్పుడు మోకాలి లోతే ఉంటాయని లేదు. మీ మీద చినుకు పడకపోయినా పైన అడవిలో పడి ఉండొచ్చు. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి వెళ్ళండి. తిరిగి వచ్చేసరికి పుల్ల మునిగితే, నీళ్ళు ఎర్రగా మారితే, ఆకులు పుల్లలు కొట్టుకొస్తుంటే దాటొద్దు. చుట్టూ తిరిగి వంతెన మీదుగా రావాలి, లేదా ఈవలి ఊళ్ళో ఉండిపోవాలి. ఎవరైనా కాదనకుండా అరుగు మీద చోటిస్తారు.

సరిగ్గా చేశారా లేదా: ఇంటికొచ్చాక చూసుకోండి

పొడి బనియన్ వాడకుండానే తిరిగి వచ్చిందంటే, మీకు చెమట పట్టలేదు లేదా మీరు మార్చుకోలేదు. ఏది నిజమో మీకు తెలుసు. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీళ్ళు చాలలేదు. అనుకున్న టైంకు దిగారా? ఎంత ఆలస్యమైందో, ఎక్కడ ఆలస్యమైందో గుర్తుండగానే రాసుకోండి.

నోట్‌బుక్కు ఇందుకే. నేను నాలుగే గళ్ళు గీసుకుంటాను: యాప్ చెప్పిన చలి, గుట్ట కింద కొలిచిన చలి, మంచు విడిచిన టైం, బండ ఆరిన టైం. మీరు ఒకే గుట్టకు నాలుగైదు సార్లు వెళ్తే తేడా పట్టుబడుతుంది. నా లెక్కలో ఇనుపరాతి గుట్టల దగ్గర యాప్ 15 అంటే కింద 12 ఉంటుంది, బండ ఆరేసరికి తొమ్మిదవుతుంది. మీ గుట్టకు ఆ అంకెలు వేరే వస్తాయి. ఆ నాలుగూ రాశారంటే నాకు ఫోన్ చేయాల్సిన పని ఉండదు. అయినా చేస్తారని తెలుసు. చేసినప్పుడు ముందు మండలం పేరు చెప్పండి, తర్వాత ఎన్నింటికి దిగుతారో చెప్పండి.